చీటీకి నా జవాబు

జూన్ 7, శనివారం. నా కుట్టుమిషన్ల షాపు తెరవకముందు

నిన్నటి ప్రార్థన కూడికలో నిప్పు పడింది. సైకిల్ షాపు పైనున్న మా హాలు కిటికీ రెక్కలు అదిరాయి. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీదే కూర్చున్నారు. గొంతు పూర్తిగా పోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించి ఇది రాస్తున్నాను.

డబ్బాలో తొమ్మిది ప్రార్థన చీటీలు వచ్చాయి. ఎవరి చేతిరాతో ఎవరికీ తెలియకూడదని ఆరేళ్ల కిందట నేనే నియమం పెట్టాను. కూడికలో అందరూ చీటీల అక్కయ్య అని పిలిచే సోదరి ఒక్కతే డబ్బా తెరుస్తుంది. అన్నిటినీ తన గుండ్రటి అక్షరాలతో తిరిగి రాసి, అసలువి చింపేసి, నకళ్లు నాకిస్తుంది. నేను ఒక్కొక్కటీ చదివి, దేవుని వాక్యంతో జవాబు చెప్పి, ప్రార్థిస్తాను. ఈ నియమం వచ్చాకే జనం నిజాలు రాయడం మొదలుపెట్టారు. ఇది నాకు దేవుడిచ్చిన ఆలోచన.

ఆరో చీటీలో ఇలా ఉంది: "మాకు పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని పరీక్షలో తేలింది. భయం లేకుండా ఆ బిడ్డను ప్రేమించే మనసు మాకు కలిగేలా ప్రార్థించండి."

ఎంత చిన్న విశ్వాసం! సముద్రాన్ని చీల్చినవాణ్ణి పట్టుకుని చెంబుడు నీళ్లు అడగడం! నేను ఊరుకుంటానా? చీటీని పైకెత్తి ఊపాను. "ఈ తలిదండ్రులెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఈ చీటీని నేను ఒప్పుకోను! డాక్టరు కాగితం మీద రాసింది దేవుడు కొట్టేస్తాడు. బిడ్డ మామూలుగా పుడుతుంది. పుట్టకపోతే లోపం బిడ్డలో కాదు, ఆ ఇంటి విశ్వాసంలో ఉంది!" అన్నాను. ఆమేన్‌లతో హాలు మోగిపోయింది.

పదకొండేళ్ల కిందట చీటీల అక్కయ్య కూతురి తల మీద కూడా ఇలాగే చేతులుంచి ప్రార్థించాను. ఆ అమ్మాయిదీ ఇదే స్థితి. దేవుని స్పర్శకు తట్టుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది. జనంలోకి రావాలంటే సిగ్గుపడుతుందని తల్లి ఆ తర్వాత ఇంట్లోనే ఉంచేసింది.

మా అబ్బాయీ కోడలూ మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. కోడలికి ఏడో నెల కదా, ఉక్కపోత పడి ఉండదు.

జూన్ 8

అబ్బాయి ఫోన్ తీయలేదు. పెయింటు షాపులో రద్దీ అయి ఉంటుంది. ఆదివారం కూడా రద్దీయే ఈ రోజుల్లో.

జూన్ 9, సోమవారం

చీటీల అక్కయ్య తన కుట్టుమిషను పైభాగాన్ని స్టాండు నుంచి ఊడదీసి, పాత దుప్పటిలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని షాపుకు వచ్చింది. పన్నెండు కిలోల ఇనుము. కింది దారాన్ని తిప్పే షటిల్ అరిగింది.

"ఫోన్ చేస్తే నేనే ఇంటికొచ్చి బాగుచేసేవాణ్ణి కదా చెల్లెమ్మా" అన్నాను. వచ్చిన ప్రతిసారీ అనే మాటే.

ప్రతిసారీ నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వలేదు. "అన్నయ్యగారూ, ఆరో చీటీకి మీరిచ్చిన జవాబు తప్పు" అంది.

"జవాబు నాది కాదమ్మా, వాక్యానిది."

"వాక్యాన్ని మధ్యలోకి తేకండి. వాళ్లు అడిగింది ప్రేమించే మనసు. మీరిచ్చింది భయం. ఆ చీటీకి నకలు రాస్తుంటే నా చేయి ఆగిపోయిందండీ. ఇరవయ్యేడేళ్ల కిందట నా కోసం ఎవరైనా అంత చక్కగా అడిగి ఉంటే ఎంత బావుండేదో అనుకున్నా. మీరు దాన్ని పట్టుకుని జెండాలా ఊపారు."

షటిల్ మార్చి ఇచ్చాను. కోపంలో ఒక స్క్రూ ఎక్కువ బిగించానని ఆమె వెళ్లాక గుర్తొచ్చింది. ఈమధ్య ఆమెకు విశ్వాసం సన్నగిల్లుతోంది. ఆమె కోసం ప్రార్థించాలి.

జూన్ 11, బుధవారం

కోడలు షాపుకు వచ్చింది. ఒంటి మీద రైల్వే స్టేషన్ యూనిఫాం, చేతిలో గొడుగు. స్టూలు తుడిచి వేశాను.

"కూర్చోను మామయ్యా. ఇరవై నిమిషాల్లో కౌంటర్ తెరవాలి" అంది. టికెట్ కౌంటర్లో ఎక్కడికి, ఎంతమంది అని అడిగే గొంతుతోనే చెప్పింది. "ఆ చీటీ మాది."

ఏ చీటీ అని అడిగాను. తెలిసి కూడా అడిగాను. అది ఇక్కడ రాసుకోవాలి.

"ఆరోది. చెప్పింది నేను, రాసింది మీ అబ్బాయి. నెల కిందటే తెలిసింది. డాక్టరమ్మ అన్ని దారులూ చెప్పింది, ఎటు పొమ్మనీ అనలేదు. రెండు వారాలు మేమిద్దరమే కూర్చుని ఏడ్చాం, మాట్లాడుకున్నాం, నిర్ణయించుకున్నాం. ఈ బిడ్డ మాకు కావాలి. అమ్మాయి."

నా చేతిలో నూనె డబ్బా ఉంది. నూనె మిషను బెల్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరు నాన్నలా వినరు, ప్రసంగీకుడిలా వింటారన్నాడు మీ అబ్బాయి. ముక్కూముఖం తెలియని వాళ్ల మీద మా నాన్నకు జాలెక్కువ, చీటీ రాద్దాం అన్నాడు. నమ్మి రాశాం."

నేను వెంటనే రెండు చేతులూ ఎత్తాను. నలభై ఏళ్ల అలవాటు. కష్టం వినబడగానే చేతులు వాటంతటవే లేస్తాయి. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, గొడుగును పొట్టకు అడ్డం పెట్టుకుంది. నా ఎదుట. నా నుంచి.

"కాన్పు రోజు మీరు ఆస్పత్రికి రావద్దు మామయ్యా. బిడ్డను చూడగానే మీరు మార్చమని దేవుణ్ణి అడుగుతారు. నా కూతురు ఈ లోకంలో మీ నోటి నుంచి వినే మొదటి మాట అది కాకూడదు. తర్వాత సంగతి కూడా ఇప్పుడే చెప్పలేను. అత్తయ్య వస్తారు. మీరు వద్దు."

గోడ గడియారం చూసుకుని వెళ్లిపోయింది.

జూన్ 12

లోపం ఆ ఇంటి విశ్వాసంలో ఉంది అన్నాను. ఆ ఇల్లు నాదే.

జూన్ 13, శుక్రవారం. కూడికకు ముందు

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడి కన్నవాళ్లదా అని అడిగిన శిష్యుల్ని ఎన్ని ప్రసంగాల్లో ఉతికి ఆరేశాను! వాళ్లు పాపం, అడిగారంతే. నేను జవాబు కూడా చెప్పేశాను.

గుడిలో ధూపం వేస్తూ ముసలితనంలో బిడ్డ పుడతాడన్న దూత మాట నమ్మక మూగవాడైపోయిన ముసలి యాజకుడి కథ పొద్దుట చదివాను. బిడ్డ పుట్టేదాకా ఆయనకు నోరు పెగల్లేదు. దాన్ని ఇంతకాలం శిక్ష అనే చెప్పాను. అది ఆయన భార్యకు దేవుడు ఇచ్చిన విశ్రాంతేమో అని ఈవేళ మొదటిసారి అనిపించింది.

మనవరాలు పుట్టేదాకా ప్రసంగించను. పాటలు, చదవడాలు మిగతావాళ్లు చూసుకుంటారు. గొంతు బాగాలేదని చెబుతాను.

జూన్ 15

గొంతు బాగాలేదని చెప్పడం అబద్ధం. తెలిసే చెప్పాను.

మా ఆవిడకు నెల కిందటి నుంచే తెలుసట. ఒకే కప్పు కింద, ఒకే కంచం ముందు కూర్చుని నెల రోజులు దాచింది.

"నాకు చెప్పొద్దూ?" అన్నాను.

"చెప్తే మేడెక్కి అరిచేవారు. మీరు ప్రార్థిస్తుంటే నాకెప్పుడూ ఒకటే అనుమానమండీ, దేవుడికి చెవుడొచ్చిందేమోనని."

నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత నవ్వు. ముప్పై రెండేళ్లుగా ఈ మనిషి నన్ను నవ్వుతో దారికి తెస్తోంది. ఇంతవరకు ఒక్క కూడికలోనూ ఆమెకు కృతజ్ఞత చెప్పిన గుర్తు లేదు. ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 19

చీటీల అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆరో చీటీ ఎవరిదో చెప్పాను. మీ అమ్మాయిని చూడటానికి రావచ్చా అని అడిగాను. కత్తెర కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"అరవకూడదు" అంది. "తల మీద చెయ్యి పెట్టకూడదు. ప్రార్థన అన్న మాటే ఎత్తకూడదు."

"మరి నేనేం చేయాలి చెల్లెమ్మా?"

"మిషను బాగుచేయండి. మొన్న స్క్రూ ఎక్కువ బిగించేశారు."

జూన్ 21, శనివారం

వాళ్లది ఒకటే గది, చిన్న వంటిల్లు. గోడ పొడవునా గాజు సీసాలు, వాటినిండా రంగురంగుల గుండీలు. బట్టల షాపుకు చొక్కాలు తల్లి కుడుతుంది, గుండీలు కూతురు కుడుతుంది. నెలకు మూడు వందల చొక్కాలు. ఒక్క గుండీ ఊడిందని ఇంతవరకూ తిరిగి రాలేదట. షాపువాళ్లు ఆమెను గుండీల మేడం అంటారు.

నన్ను చూసి గుండీల మేడం రెండు చేతులతో చెవులు మూసుకుంది. సూదిని జాగ్రత్తగా దిండుకు గుచ్చి మరీ వెళ్లి, మంచం కింద దూరింది. ఇరవయ్యేడేళ్ల మనిషి.

"మీరు ఇంటికి రాకూడదనే పదకొండేళ్లుగా మిషను మోస్తున్నానండీ" అంది తల్లి. తిట్టినట్టు కాదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పింది.

ఆ తర్వాతిది రాయడం కష్టం. రాస్తాను. ఆ రోజు నేను ఆ పిల్ల తల పట్టుకుని, వదిలిపో, వదిలిపో అని అరిచానట. ఏం వదలమన్నారో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇంటికెళ్లాక తన సంచీ, దువ్వెన, చెవులు చిరిగిన కుక్కబొమ్మ, రంగు పెన్సిళ్లు, ఒక్కొక్కటే తెచ్చి గుమ్మం బయట పెట్టింది. "ఇవన్నీ వదిలేశానమ్మా, చాలా?" అని అడిగింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు.

స్పర్శ అని రాశాను నేను. ఈ నోటుపుస్తకంలోనే, రెండు వారాల కిందట. దాన్ని కొట్టేయను. కొట్టేస్తే తప్పించుకున్నట్టే.

"ఇంత జరిగాక కూడికకు రావడం ఎందుకు మానలేదమ్మా?" అని అడిగాను.

"కూడిక మీది కాదు కదండీ" అంది.

స్క్రూ వదులు చేశాను. నూనె వేశాను. మంచం కింద నుంచి రెండు కళ్లు నా చేతుల్నే చూస్తున్నాయి. ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను.

జూన్ 28, శనివారం

గుండీల మేడం ఈసారి మంచం కింద దూరలేదు. తలుపు వెనక నిలబడింది. దారపు చుట్ట ఉండే బాబిన్ కేసు శుభ్రం చేశాను. అది శుభ్రంగానే ఉంది.

జూలై 2

ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని మా ఆవిడ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను బడి మొహం చూడలేదు. పంతొమ్మిదో ఏట, మిషన్ల మధ్య కూర్చుని, గ్రంథంలో అక్షరాల కింద వేలు పెట్టుకుని చదవడం నేర్చుకున్నాను. ఈ పుస్తకాన్నీ అలాగే వేలు పెట్టి చదివాను. ప్రతి కణంలో ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయట. తల్లి తిన్నదాని వల్లా కాదు, తండ్రి చేసినదాని వల్లా కాదు. ఎవరి తప్పూ కాదు అని లావు అక్షరాల్లో వేశారు.

శిష్యులకు ప్రభువు ఇచ్చిన జవాబు కూడా ఇదే. ఇది ఎన్నిసార్లు వేలు పెట్టి చదివానో.

జూలై 5, శనివారం

గుండీల మేడం నా ఎదుట కూర్చుంది. కొంచెం దూరంగా. ఒక నీలం గుండీ, ఒక చొక్కా, సూది నా ముందుకు తోసింది. కుట్టాను. ఆమె గుండీని పట్టి లాగింది. ఊడి చేతిలోకొచ్చింది. తల అడ్డంగా ఊపి, అదే గుండీని తను కుట్టి, నా చేత లాగించింది. ఇంచు కదల్లేదు.

నలభై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను, గుండీ కుట్టడం రాదని తేలింది.

జూలై 12, శనివారం

తలుపు తీసింది ఆమే. "వచ్చావా! కూర్చో" అంది. తర్వాత వేలు చూపించి, "అరవకు" అంది.

ప్రభువా, నేను వినని ప్రసంగం లేదు. ఇంత మంచిది వినలేదు.

కూర్చున్నాక ఆమె కళ్లలోకి చూసి చెప్పాను. "అప్పుడు నేను అరిచాను. అది తప్పు. నువ్వు ఏదీ వదలక్కర్లేదమ్మా. నీలో వదిలించుకోవలసింది ఏమీ లేదు. నన్ను క్షమించు."

వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "దువ్వెన దొరికింది" అంది. "కుక్క దొరకలేదు."

చీటీల అక్కయ్య వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. అవి తోమిన గిన్నెలే.

జూలై 19

నిన్న కూడికలో ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను. ప్రసంగం కాదు. "నా గొంతుకు ఏమీ కాలేదు. ఆ మాట అబద్ధం" అని మొదలుపెట్టాను. "ఆరు వారాల కిందట ఒక చీటీకి జవాబు చెప్పాను. అది దేవుడి జవాబు కాదు, నాది. తప్పుడు జవాబు. ఆ బిడ్డలోనూ లోపం లేదు, ఆ ఇంటి విశ్వాసంలోనూ లోపం లేదు. ఆ చీటీ రాసినవాళ్లు ఎవరైనా సరే, నన్ను క్షమించాలి."

చీటీ ఎవరిదో చెప్పలేదు. నియమం నియమమే.

ముందు వరుసలో కూర్చునే రిటైరైన పోస్ట్‌మాస్టర్ లేచాడు. "అయ్యగారూ, మీకే విశ్వాసం సడలితే మా గతేంటి? స్వస్థత లేదంటారా?"

"ఉందంటాను" అన్నాను. "నాకు ఈ నెలలో కొంచెం వచ్చింది."

ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక వరుసలో అబ్బాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. నేను దిగేలోపే వెళ్లిపోయాడు. వాడి గోళ్ల నిండా పసుపు రంగు, కుర్చీ వెనక అంచు మీద వేలిముద్ర మిగిలింది. తుడవలేదు.

గ్రంథంలో, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న స్నేహితుణ్ణి చూడ్డానికి వచ్చిన ముగ్గురూ ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్లంత మంచివాళ్లు లేరు. నోరు తెరిచాకే చెడ్డారు. ఇంత తేలికైన పాఠం నాకు యాభై ఎనిమిదేళ్లకు అందింది. అయినా అందింది. అందించినవాళ్లు ఒకరా ఇద్దరా!

జూలై 26, శనివారం

గుండీల మేడం ఇంట్లో అడుగు పెట్టేసరికి కోడలు అక్కడ ఉంది! చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని గుండీలు ఏరుతోంది. తెల్లవి ఒక వైపు, పాల రంగువి ఒక వైపు. చీటీల అక్కయ్య మూడు వారాలుగా వాళ్లింటికి వెళ్లి వస్తోందట. నాకు చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు.

వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. గుండీల మేడం చేయి పట్టి లోపలికి లాగింది.

"ఇతను మంచివాడు" అని కోడలికి పరిచయం చేసింది. "ముందు అరిచేవాడు."

కోడలు నవ్వాపుకోలేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నాకు తెలుసక్కా. మా మామయ్యే" అంది.

మా మామయ్య.

"గుండీ కుట్టడం రాదు" అని ఫిర్యాదు చేసింది గుండీల మేడం.

"ఆయనకు చాలా రావు. నేర్చుకుంటున్నట్టున్నారు."

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగింది. "బుధవారం పాప గుండెకు స్కాన్ ఉంది మామయ్యా. ఆయనకు సెలవు దొరకలేదు. అత్తయ్యకు ఆస్పత్రి వరండాలన్నీ నడవాలంటే మోకాళ్ల నొప్పులు. ఫైలు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి."

"నేను పట్టుకుంటాను."

"ఫైలు మాత్రమే."

"ఫైలు మాత్రమే" అన్నాను.

జూలై 30

ఫైలు పట్టుకున్నాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలావిడ ఏడుస్తోంది. చేతులు లేవబోతే ఫైలును గట్టిగా పట్టుకున్నాను. మంచినీళ్ల సీసా ఇచ్చాను. తాగింది. అదే పెద్ద కూడిక.

పాప గుండెలో చిన్న రంధ్రం ఉందట. ఇలాంటి పిల్లల్లో సగం మందికి గుండెలో ఏదో ఒకటి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని వాటంతటవే పూడుకుంటాయి, కొన్నిటికి ఆపరేషన్ చేయాలి, పుట్టాక చూద్దాం అంది. కోడలు రాసుకుంది. నేను ఏమీ అనలేదు. పళ్లు కొరుక్కుని ఏమీ అనలేదు.

బయటికొచ్చాక చెట్టు నీడలో నిలబడి తనే అంది. "గుండె కోసం ప్రార్థించండి మామయ్యా. అది జబ్బు. అది బాగవ్వాలి. మిగతాది జబ్బు కాదు, అది తనే. దాన్ని ముట్టుకోవద్దు."

ఎంతమంది పండితులు కలిస్తే ఇంత సూటి గీత గీయగలరు! ఆ గీతకు ఇవతల నిలబడి ప్రార్థించాను. మనసులోనే. పెదాలు కూడా కదపలేదు.

"అయిందా?" అని అడిగింది.

"అయింది."

"ఇంత తొందరగా?" అంది. మళ్లీ నవ్వింది. కాన్పు రోజు సంగతి తను ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 16, శనివారం

గుండీల మేడం పాపకు చొక్కా తయారుచేస్తోంది. తల్లీకూతుళ్లకు పెద్ద యుద్ధం.

"పసిపిల్లలకు గుండీలు పెట్టకూడదే, నోట్లో పెట్టుకుంటారు. నాడాలు చాలు."

"నేను గుండీల మేడంని. నాడాల మేడంని కాదు."

చివరికి న్యాయం నా దగ్గరికొచ్చింది. ముందు నాడాలు, వెనక వీపు మధ్యలో, చేయి అందని చోట ఒకే ఒక్క నీలం గుండీ అన్నాను. దేనికీ పనికిరాని గుండీ. ఇద్దరూ ఒప్పుకున్నారు. జ్ఞాని అయిన రాజు బిడ్డ కోసం ఇద్దరు తల్లుల మధ్య తీర్పు చెప్పినప్పుడు కూడా ఇంత ఆనందపడి ఉండడు.

గుండీని లాగి చూశాను. కదల్లేదు.

ఆగస్టు 24

కోడలికి తొమ్మిదో నెల నిండింది. అబ్బాయి రాత్రి భోజనానికి వచ్చాడు. వేళ్లకు ఆకుపచ్చ రంగు. పాప గది గోడలకు వేశాడట. తింటూ తింటూ, "నాన్నా, నీ ప్రసంగం మళ్లీ ఎప్పుడు?" అన్నాడు.

"పాప పుట్టాక."

"సరే" అన్నాడు. అంతే. వెళ్లేటప్పుడు నా భుజం మీద చేయి వేసి నిలబడ్డాడు. వాడు అలా చేసి పదేళ్లయింది.

ఆగస్టు 29, శుక్రవారం

తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మా ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లింది. నన్నెవరూ రమ్మనలేదు. వద్దన్న మాట వద్దన్నట్టే ఉంది. షాపు తెరిచి, ఒక మిషను విప్పాను. బిగించాను. అదే మిషను మళ్లీ విప్పాను.

పదిన్నరకు ఫోన్. అబ్బాయి గొంతు. "నాన్నా, పుట్టింది. ఇద్దరూ బావున్నారు. నిన్ను రమ్మంటోంది."

"ఎవరు? మీ అమ్మా?"

"కాదు నాన్నా. తనే."

దారి పొడవునా నా నోటిని నేనే బతిమాలుకున్నాను. నలభై ఏళ్లు నువ్వు చెప్పినట్టు నేను విన్నాను, ఈ ఒక్క రోజు నా మాట విను అన్నాను. ప్రవక్త ముందు గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, నిప్పు వచ్చింది. వేటిలోనూ దేవుడు లేడు. ఆ తర్వాత వచ్చిన చిన్న సవ్వడిలో ఉన్నాడు. నా దగ్గర గాలీ నిప్పూ తప్ప ఏమున్నాయి?

గది గుమ్మంలో ఆగాను. కోడలు మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ముఖమంతా అలసట. నా కళ్లలోకి చూడలేదు. నా నోటినే చూస్తోంది. ఒళ్లో పాప. పాపకు ఆ చొక్కా. అబ్బాయి మంచం రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు, వేళ్లు తెల్లబడేలా.

దగ్గరికి వెళ్లాను. చేతులు లేవలేదు. రెండూ పక్కనే ఉండిపోయాయి. చిన్న ముఖం, ఏటవాలు కళ్లు, మూసిన పిడికిలి. నెత్తిన తడి ఆరని నల్లని జుత్తు. ఎవరో ఎంతో దూరం నుంచి నడిచొచ్చి ఇప్పుడే కూర్చున్నట్టుంది.

"వచ్చావా, తల్లీ" అన్నాను.

అంతే వచ్చింది నోటికి. అది కూడా నాది కాదు, గుండీల మేడంది. గుసగుసలా వచ్చింది.

పాప ఒక కన్ను తెరిచింది. మూసింది.

కోడలు దిండు మీదికి తల వాల్చేసింది. పాపను రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపింది. "కూర్చోండి మామయ్యా" అంది. "కూర్చుని ఎత్తుకోండి."

కూర్చున్నాను. ఎత్తుకున్నాను. వీపు మధ్యలో నీలం గుండీ నా అరచేతికి తగిలింది.

సెప్టెంబరు 4

రంధ్రం కొంచెం చిన్నదైందట. ఇంకా చూడాలన్నారు. గీతకు ఇవతల నిలబడి రోజూ అడుగుతున్నాను. గీతకు అవతల రోజూ కృతజ్ఞత చెబుతున్నాను. అవతలే ఎక్కువసేపు పడుతోంది.

పాప పాలు తాగడానికి చాలాసేపు తీసుకుంటుంది. మధ్యలో నిద్రపోతుంది. మా ఆవిడ పాప పాదాన్ని వేలితో రుద్దుతూ లేపుతుంది. ఇంటిల్లిపాదీ గడియారం వైపు చూడటం మానేశాం.

సెప్టెంబరు 13, శనివారం

నిన్న మళ్లీ ప్రసంగించాను. డబ్బాలో ఏడు చీటీలు. ఏడోది నేను వేసిందే. నియమం ప్రకారం చీటీల అక్కయ్య దాన్నీ తన గుండ్రటి అక్షరాలతో తిరిగి రాసి, ఏమీ ఎరగనట్టు నా చేతికిచ్చింది. "మా ఇంటికి పాప వచ్చింది. మమ్మల్ని బాగుచేస్తోంది. అడిగేదేమీ లేదు." దానికి జవాబు చెప్పలేదు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.

ముందు వరుసలో పోస్ట్‌మాస్టర్ పక్కన గుండీల మేడం కూర్చుంది. పదకొండేళ్ల తర్వాత. ఆమె పక్కన కోడలు, కోడలి ఒళ్లో పాప. పోస్ట్‌మాస్టర్ చొక్కాకు ఒక గుండీ వదులుగా ఉందని ఆమె పాట మధ్యలోనే పట్టేసింది. ఆయన పాపం, కదలకుండా కూర్చుని కుట్టించుకున్నాడు.

ప్రసంగం మొదలుపెట్టాను. చాలాకాలం తర్వాత కదా, నాలుగో మాటకే పాత నిప్పు గొంతులోకి ఎక్కింది. చేయి పైకి లేచింది.

"అరవకు" అని వినబడింది ముందు వరుసలోంచి. "పాప పడుకుంది."

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. గొంతు దించి, మిగతాదంతా ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాను.

మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా బాగా వినబడిందట.